దిక్కులున్న ధ్వని: శాతవాహన విశ్వవిద్యాలయం ఉపకులపతి గారికి బహిరంగ లేఖ



డిగ్రీ చివరి సెమిస్టరులో విద్యార్థులు సమర్పించే ప్రాజెక్టు పని చాలాచోట్ల బైండు చేసిన నివేదికగానే ఉంటోంది. కోరుకున్న విద్యార్థి బృందాలకు దాని స్థానంలో ఒక మల్టీమీడియా రచనను సమర్పించే అవకాశం కల్పించాలని, అందులో సంగీతం విద్యార్థులు సొంతంగా కట్టినదై ఉండాలని, ధ్వని సరౌండ్ సౌండ్ పద్ధతిలో, అంటే వినేవారి ముందు నుంచే కాక పక్కల నుంచీ వెనక నుంచీ వినిపించేలా కూర్చినదై ఉండాలని కోరడమే ఈ లేఖ ఉద్దేశం. మల్టీమీడియా అంటే ఇక్కడ బొమ్మకు పాట తగిలించడం కాదు. దృశ్యం, మాట, సంగీతం, పరిసర ధ్వని నాలుగూ ఒకే విషయాన్ని చెప్పడానికి పని పంచుకున్న రచన అని అర్థం. ఇటువంటి పనికి హైదరాబాదులోని స్టూడియోల కన్నా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, వెల్గటూర్ ప్రాంతమే మంచి పాఠశాల అని ఈ కింది పేరాలు నిరూపించ ప్రయత్నిస్తాయి.

2008లో కరీంనగర్‌లో ఏర్పడిన ఈ విశ్వవిద్యాలయం ఏ రాజవంశం పేరు పెట్టుకుందో, ఆ వంశపు తొలి ఆనవాళ్లు దొరికిన చోటు వెల్గటూర్ మండలంలోని కోటిలింగాల. పెద్దవాగు వచ్చి గోదావరిలో కలిసే ఆ గట్టు మీద రాష్ట్ర పురావస్తు శాఖ జరిపిన తవ్వకాల్లోనూ, అంతకుముందు ఊరివాళ్లకు దొరికిన వాటిలోనూ శాతవాహన వంశ స్థాపకుడిగా భావించే సిముకుడి నాణేలు, అతనికంటే ముందు ఏలిన గోబద, నారన, సమగోపుల నాణేలు బయటపడి, దక్కన్ చరిత్ర తొలి అధ్యాయాన్ని తిరిగి రాయించాయి. తర్వాతి కాలంలో 20 టీఎంసీలకు పైగా నిల్వ సామర్థ్యం గల శ్రీపాద ఎల్లంపల్లి జలాశయం వెనుక నీళ్లు ఆ తీరం దాకా చేరాయి. చెగ్యాం వంటి ఊళ్లు ముంపులో పోయి, జనం పునరావాస కాలనీలకు తరలారు. నాణెం మ్యూజియంలో భద్రంగా ఉంటుంది, ఊరి పేరు రెవెన్యూ రికార్డుల్లో మిగులుతుంది. ఆ ఊళ్లో పొద్దున ఏ దిక్కు నుంచి ఏ చప్పుడు వచ్చేదన్నది మాత్రం ఏ కాగితంలోనూ ఉండదు. ధ్వనిని దిక్కులతో సహా నమోదు చేసే విద్యను డిగ్రీ స్థాయిలోనే నేర్పవలసిన మొదటి కారణం ఇదే.

దిక్కు తెలియడం అనేది చెవుల మధ్య దూరం వల్ల కలిగే జ్ఞానం. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 346 మీటర్ల వేగంతో ప్రయాణిస్తుంది కనుక, కుడిపక్క పుట్టిన చప్పుడు కుడిచెవికి చేరిన తర్వాత ఎడమచెవికి చేరడానికి పట్టే అదనపు సమయం సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు, అందులో మూడింట రెండు వంతులే. అయినా మెదడు ఆ తేడాను పట్టుకుని, తల అడ్డురావడం వల్ల ఎడమచెవికి తగ్గిన సన్నని స్వరాల తేడాను కూడా దానికి జోడించి, చప్పుడు ఏ మూల నుంచి వచ్చిందో తేల్చేస్తుంది. మంద్ర ధ్వనులకు కాలభేదమూ సన్నని ధ్వనులకు బలభేదమూ ఆధారమవుతాయన్న సిద్ధాంతాన్ని లార్డ్ రేలీ 1907లోనే ప్రతిపాదించాడు. రెండు స్పీకర్లతో ఈ భ్రమను కల్పించే స్టీరియో పద్ధతికి ఇంగ్లండులో అలన్ బ్లూమ్‌లైన్ 1931లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. స్టీరియో వినేవారి ముందు ఒక గీత మీద ధ్వనులను పరుస్తుంది. సరౌండ్ సౌండ్ ఆ గీతను వలయంగా వంచుతుంది.

5.1 అని సినిమా హాళ్ల ముందు రాసి ఉండే అంకెకు అర్థం ఇంతే: ఎదురుగా మధ్యన ఒకటి, దానికి చెరోవైపు 30 డిగ్రీల కోణంలో రెండు, వెనక పక్కల 100 నుంచి 120 డిగ్రీల మధ్య రెండు, మొత్తం అయిదు స్పీకర్లు వినేవారి నుంచి సమాన దూరంలో ఉంటాయి, ఆ చుక్క తర్వాతి ఒకటి 120 హెర్ట్జ్‌ల కన్నా దిగువన ఉండే ఉరుము వంటి ధ్వనులకు కేటాయించిన ప్రత్యేక మార్గం. అంత మంద్రమైన ధ్వనులకు దిక్కును పోల్చుకోవడం చెవికి కష్టం కనుక, వాటికి ఒక్క సబ్‌వూఫర్ చాలు. 1979 నాటి అపోకలిప్స్ నౌ చిత్రం 70 ఎం.ఎం. ప్రతుల్లో వెనక ధ్వనిని రెండు పాయలుగా చీల్చడం, 1992లో డాల్బీ డిజిటల్ రావడం ఈ అమరికను స్థిరపరిచిన మలుపులు. 2012లో వచ్చిన డాల్బీ అట్మాస్ తలపై కప్పు నుంచి కూడా ధ్వనిని దించింది గానీ, విద్యార్థి బృందానికి దాని అవసరం లేదు. అయిదు దిక్కులను అర్థవంతంగా వాడటం నేర్చుకున్నవారికి ఆరో దిక్కు ఎప్పుడైనా అందుతుంది.

ఇక్కడే ఈ ప్రాంతపు అసలు బలం కనిపిస్తుంది. బతుకమ్మ పాట పుట్టుకతోనే వలయంలో ఉన్న సంగీతం. గునుగు, తంగేడు పూలతో పేర్చిన బతుకమ్మలను మధ్యన పెట్టి, చుట్టూ ఆడవాళ్లు తిరుగుతూ, ఒకామె పాట చెబుతుంటే మిగిలినవాళ్లు ప్రతి చరణం చివర ఉయ్యాలో వంటి ఊతపదంతో అందుకుంటూ, వంగి లేస్తూ చప్పట్లు కొట్టే ఆ ఆటలో ప్రేక్షక స్థానం అనేది లేదు. పక్కన నిలబడి ఫోనుతో తీసిన వీడియోలో దగ్గరగా వచ్చిన గొంతు పెద్దగా, అవతలి అంచున ఉన్న గొంతు లీలగా వినిపిస్తాయి. పాట చెప్పే మనిషి అటు తిరిగేసరికి పాటే పోతుంది. అదే పాటను బతుకమ్మల పక్కన, పాడేవాళ్ల నోటి ఎత్తులో, నాలుగు దిక్కుల ధ్వనినీ ఒకేసారి పట్టే మైకు ఒకటి నిలబెట్టి రికార్డు చేస్తే, పాట చెప్పే గొంతు ఎదుట మొదలై పక్కకు జరిగి వెనక నుంచి చుట్టి వస్తుంది, అందుకునే గొంతులు అన్ని వైపుల నుంచీ ఒక్కసారిగా లేస్తాయి. వినేవారు పూల స్థానంలో ఉంటారు. వేదిక మీది కచేరీని సరౌండ్‌లోకి మార్చడానికి స్టూడియోలో ఎంతో కృత్రిమత్వం అవసరమవుతుంది. ఇక్కడ సంప్రదాయమే ఆ అమరికను చేసి పెట్టింది.

అటువంటి మైకులో నాలుగు చిన్న మైకులు చతుర్ముఖి ఆకారంలో నాలుగు వైపులకు తిరిగి ఉంటాయి. అవి పట్టిన ధ్వనిని కంప్యూటరులో ముందు వెనకలు, కుడి ఎడమలు, పైన కింద అనే అక్షాలుగా విడదీసి, ఆ తర్వాత ఎన్ని స్పీకర్లకైనా, చివరకు హెడ్‌ఫోన్లకైనా పంచవచ్చు. ఆంబిసానిక్స్ అనే ఈ పద్ధతికి 1970లలో మైకేల్ గెర్జన్ తదితరులు పునాది వేశారు. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరపు ఎలక్ట్రానిక్ సంగీత సంస్థ ఈ లెక్కలన్నీ చేసే ఐ.ఇ.ఎం. ప్లగిన్లను ఉచితంగానే ఇస్తోంది. ఉపకరణం కన్నా పెద్ద అడ్డంకి మరొకటి ఉంది. కొన్నేళ్లుగా చాలా ఊళ్లలో బతుకమ్మ చుట్టూ డీజే బాక్సులు చేరి, రికార్డు పాటకు అడుగులు వేయడమే ఆటగా మారుతోంది. బాక్సు మోగినచోట ఆడవాళ్ల గొంతులు మైకుకు దొరకవు, పాటలు తెలిసిన పెద్దమ్మలకు పాడే అవసరమే రాదు. పాట చెప్పగల గొంతులు ఇంకా ఉన్న ఈ కొద్ది ఏళ్లలోనే రికార్డింగు జరగాలి.

సిరిసిల్ల ధ్వని దీనికి పూర్తిగా భిన్నమైనది. బి.వై. నగర్ వంటి వాడల్లో మరమగ్గాలను, స్థానికుల మాటలో సాంచాలను, ఒక షెడ్డులో వరుసగా బిగించి నడుపుతారు. సాంచ మీద పోగును మోసుకెళ్లే నాడె ఒక పక్క నుంచి దెబ్బ తిని మరో పక్కకు దూసుకుపోయి, అక్కడ మళ్లీ దెబ్బ తిని వెనక్కి వస్తుంది. ఆ రెండు దెబ్బల మధ్య, పోగును దగ్గరికి తోసే చట్రం చప్పుడు ఒకటి పడుతుంది. నిమిషానికి సుమారు 120 పోగులు వేసే సాంచ ముందు నిలబడిన కార్మికుడికి సెకనుకు రెండుసార్లు, ఒకసారి కుడి నుంచి, ఒకసారి ఎడమ నుంచి దెబ్బ వినిపిస్తుంది. స్టీరియో అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకదు. ఆ కార్మికుడి వెనక మరో వరుస, పక్కన మరో వరుస నడుస్తుంటాయి కనుక, సరౌండ్ ధ్వని ఆయన రోజువారీ జీవితం.

ఆ షెడ్డులోంచి సొంత సంగీతం పుట్టించే దారి కూడా ఉంది. పక్కపక్కన ఉన్న రెండు సాంచాలు సరిగ్గా ఒకే వేగంతో నడవవు. ఒకటి నిమిషానికి 120 పోగులు, మరొకటి 118 వేస్తున్నదనుకుంటే, రెండు దెబ్బలూ ఒకసారి కలిసి మెల్లగా విడిపోయి, మధ్యలో ఎన్నో కొత్త లయలను పుట్టిస్తూ, సరిగ్గా 30 సెకన్లకు మళ్లీ కలుస్తాయి. అమెరికన్ స్వరకర్త స్టీవ్ రైక్ 1965లో రెండు టేపు రికార్డర్లు కొద్దిగా వేర్వేరు వేగాలతో తిరగడం గమనించి, ఫేజింగ్ అనే పేరుతో ఒక సంగీత శైలినే నిర్మించాడు. నేతవాడలో పెరిగిన విద్యార్థి చెవికి ఆ శైలి పరాయిది కాదు. అయిదు స్పీకర్లకు అయిదు సాంచాలను పంచి, వాటి లయభేదాలను ఆధారంగా చేసుకుని, పైన ఒక గొంతునో వేణువునో నడిపిస్తే, అది సిరిసిల్ల తప్ప మరో ఊరు చేయలేని రచన అవుతుంది. ఆర్డర్లు లేక సాంచాలు బందయిన రోజున ఆ వాడలో వినిపించే నిశ్శబ్దాన్ని కూడా ఆ రచన పట్టుకోగలదు. సంక్షోభం గురించి రాసిన ఎన్ని పేరాలైనా చెప్పలేని సంగతిని, ఒక్కొక్క స్పీకరే ఆగిపోతున్నప్పుడు వినేవారు తమ వీపు వెనక అనుభవిస్తారు. అయితే ఈ షెడ్లలో శబ్దం 90 డెసిబెళ్లు దాటుతుంది. రోజుకు ఎనిమిది గంటల పనికి భారతదేశపు ఫ్యాక్టరీ నిబంధనలు పెట్టిన పరిమితి కూడా ఆ 90 డెసిబెళ్లే. రికార్డింగుకు వెళ్లే విద్యార్థులకు చెవి రక్షణ తప్పనిసరి చేయాలి. ఏ రక్షణా లేకుండా ఏళ్ల తరబడి అక్కడ నిలబడినవారి వినికిడి గురించి ఒక ప్రశ్నావళి కూడా ఆ ప్రాజెక్టులో భాగమైతే, సైన్సు విద్యార్థుల పాత్ర దానంతట అదే ఏర్పడుతుంది.

కోరుట్ల, మెట్‌పల్లి వైపు ధ్వని నెమ్మదైనది. బీడీలు చుట్టే ఆడవాళ్ల చేతిలో కత్తెర తునికాకును కత్తిరించే చప్పుడు గజం దూరంలోనే ఆగిపోతుంది. దానికి మైకు చాలా దగ్గరగా ఉండాలి. అదే ఇంట్లోకి దుబాయి నుంచో మస్కట్ నుంచో వాట్సాప్ వాయిస్ మెసేజ్ వస్తుంది. గల్ఫ్ వలస కుటుంబాల కథ చెప్పే రచనలో ఆ గొంతును వలయమంతా పరచకూడదు. ఫోను స్పీకరుకు ఉండే సన్నని ధ్వనితోనే ఒక్క మధ్య స్పీకరులో బిగించి, ఇంటి చప్పుళ్లను మాత్రం చుట్టూ విశాలంగా ఉంచితే, దగ్గర ఉన్నవాళ్లకూ దూరాన ఉన్నవాడికీ మధ్య ఎడం మాట అవసరం లేకుండానే తెలుస్తుంది.

ముంపు ఊళ్ల విషయంలో సమస్య మరీ క్లిష్టమైనది. పోయిన ఊరి ధ్వని రికార్డు కాలేదు. దాన్ని జ్ఞాపకాల ఆధారంగా తిరిగి కట్టాలి. వెల్గటూర్ మండలపు పునరావాస కాలనీల్లో ఉన్న పెద్దవాళ్లను కూర్చోబెట్టి, పాత ఇంటి గడపలో నిలబడితే గోదావరి ఏ పక్క వినిపించేది, గుడి గంట ఎటు, బర్లు మళ్లే దారి ఎటు అని అడిగి, ఒక ధ్వని పటం గీసి, దానికి తగిన శబ్దాలను మరోచోట రికార్డు చేసి అమర్చవచ్చు. కానీ అటువంటి రచనలో ఏది రికార్డు చేసినది, ఏది ఊహించి కట్టినది అన్న సంగతి ప్రేక్షకుడికి స్పష్టంగా చెప్పాలి. పురావస్తు శాఖ పగిలిన కుండను అతికినప్పుడు కొత్త ముక్క రంగును కావాలనే వేరుగా ఉంచుతుంది; ఆ నిజాయితీ ధ్వనికీ వర్తించాలి. ఈ నియమాన్ని విశ్వవిద్యాలయమే రాతపూర్వకంగా పెడితే, విద్యార్థులకు చరిత్ర రచనలోని మొదటి సూత్రం ప్రత్యేకంగా బోధించనక్కరలేదు.

సంగీతం సొంతంగా కట్టినదై ఉండాలని పట్టుబట్టడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది చట్టం. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం పాట రాసినవారి, స్వరపరిచినవారి హక్కు వారి మరణానంతరం 60 ఏళ్ల వరకు, రికార్డింగు మీద హక్కు అది విడుదలైన తర్వాత 60 ఏళ్ల వరకు ఉంటుంది. సినిమా పాటను అతికించిన విద్యార్థి చిత్రం తరగతి గది దాటి యూట్యూబుకు చేరగానే అక్కడి యాంత్రిక తనిఖీ దాన్ని పట్టుకుంటుంది, ధ్వనిని మూసేస్తుంది. ఏడాది కష్టం మూగబోతుంది. జానపద పాటకు కర్త తెలియకపోవచ్చు గానీ, దాన్ని పాడిన కళాకారులకు అదే చట్టంలోని 38వ సెక్షన్ 50 ఏళ్ల ప్రదర్శకుల హక్కునిస్తోంది. ఒగ్గు కథకుడి గొంతు, డోలు వాద్యకారుడి దెబ్బ రికార్డు చేసిన బృందం వారి సమ్మతిని రాతలో తీసుకుని, ప్రతిఫలం చెల్లించి, వారి పేర్లను దర్శకుడి పేరంత పెద్ద అక్షరాల్లోనే వేయాలి. ఒగ్గు కథకు పేరు తెచ్చిన మిద్దె రాములు, కవి సినారె ఇద్దరూ పుట్టిన హన్మాజీపేట సిరిసిల్ల జిల్లాదే. ఈ నేల మీద కళాకారుడిని పేరు లేని ధ్వనిగా వాడుకోవడం తగదు.

రెండో కారణం ఇంకా లోతైనది. ఎక్కడో కొన్న రెడీమేడ్ బాణీకి ఊరి సందర్భం తెలియదు. డప్పును మంట దగ్గర కాచి చర్మం బిగిసిన తర్వాత, ఒక చేతిలో సిర్ర, మరో చేతిలో సిటికెన పుల్ల పట్టి వాయించే వాద్యకారుడికి పెండ్లి దెబ్బ వేరు, సావు దెబ్బ వేరు. శబ్దభాండారం నుంచి దించుకున్న డప్పు ముక్కను దృశ్యం కింద అతికించే విద్యార్థికి ఆ రెండింటి తేడా తెలియకపోతే, పెండ్లి దృశ్యానికి సావు దెబ్బ పడుతుంది, ఊరు ఆ చిత్రాన్ని ఒప్పుకోదు. సొంత సంగీతం కట్టాలంటే విద్యార్థి ముందుగా వాద్యకారుడి పక్కన కూర్చుని వినవలసి వస్తుంది. ఆ వినడమే ఇక్కడ చదువు. స్వరజ్ఞానం లేని విద్యార్థులు ఈ పని చేయలేరన్న అభ్యంతరానికి బలం లేదు, ఎందుకంటే సాంచ లయ, డప్పు దెబ్బ, పాట చెప్పే గొంతు అనే మూడు దినుసులతో నాలుగు నిమిషాల సంగీతం కట్టడానికి కావలసింది ఓపిక, మంచి చెవి. రాగశాస్త్రం తెలిసిన అధ్యాపకులు తోడైతే అది అదనపు భాగ్యం.

ఖర్చు గురించి, పని తీరు గురించి కొన్ని సంగతులు సూటిగా చెప్పాలి. అయిదు స్పీకర్లను రెండు మీటర్ల వ్యాసార్ధంలో అమర్చిన ఒక్క గది ఒక్కో పట్టణంలో ఉంటే చాలు. ఎడిటింగు పనిలో ఎక్కువ భాగం హెడ్‌ఫోన్లతోనే సాగుతుంది. బజారులో 5.1 పేరుతో అమ్మే చౌక సెట్లలో కొన్ని రెండు మార్గాల ధ్వనినే లోపలికి తీసుకుని అయిదు స్పీకర్లకూ నకళ్లు పంపుతాయి కనుక, ఒక్కో స్పీకరులో విడివిడిగా మాట వినిపించే పరీక్ష ఫైలును నడిపి చూశాకే కొనాలి. కాంక్రీటు గోడల తరగతి గదిలో ధ్వని మారుమోగి దిక్కులన్నీ కలగలిసిపోతాయి; గోడకు నాలుగంగుళాల ఎడంగా మందపాటి జంపఖానాలు వేలాడదీస్తే ఆ దోషం చాలావరకు తగ్గుతుంది. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ నాణ్యతతో ఆరు మార్గాల ధ్వని నిమిషానికి సుమారు 52 మెగాబైట్లు అవుతుంది. పది నిమిషాల రచన తుది ధ్వని ఒక మామూలు పెన్‌డ్రైవులో మూలకు సరిపోతుంది.

విద్యార్థులు తరచుగా తడబడేచోట్లు రెండున్నాయి. ఆరు మార్గాల వరుసక్రమం అన్ని సాఫ్ట్‌వేర్లలో ఒకటి కాదు. కొన్నింటిలో ఎడమ, కుడి, మధ్య, మంద్రం అనే క్రమమైతే, సినిమా పద్ధతిలో ఎడమ, మధ్య, కుడి అనే క్రమం నడుస్తుంది; ఇది సరిచూడకుండా ఫైలు ఇస్తే, మధ్యన రావలసిన మాట ఒక పక్కకు ఒరిగిపోతుంది, వెనక స్పీకరుకు చేరవలసిన ధ్వని సబ్‌వూఫరులో పడి మాయమవుతుంది. రెండోది, ఒగ్గు డోలు గుండెలదిరేలా మోగాలన్న ఆశతో దాని మంద్ర ధ్వనినంతా ఆ .1 మార్గంలోకి నెట్టేయడం. హాల్లో అది ఘనంగానే ఉంటుంది గానీ, అదే రచనను ఫోను కోసం రెండు మార్గాలకు కుదించినప్పుడు ఆ .1 మార్గాన్ని సాధారణంగా వదిలేస్తారు. డోలు ఉన్నచోట చర్మం మీద పుల్ల గీరిన చప్పుడు మాత్రం మిగులుతుంది. డోలు శరీరం ప్రధాన స్పీకర్లలోనే ఉండాలి. ప్రతి బృందమూ 5.1 ప్రతితో పాటు స్టీరియో ప్రతి, హెడ్‌ఫోన్లలో చుట్టూ వినిపించే బైనారల్ ప్రతి కూడా ఇవ్వాలి. ఈ ప్రాంతపు ప్రేక్షకుల్లో ఎక్కువమంది చివరకు ఫోనులోనే చూస్తారు, వారిని చిన్నచూపు చూసే రచన వారికి అక్కరలేదు.

ఇది ఎక్కడా లేని ఆలోచన కాదు. కెనడాలోని సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయంలో స్వరకర్త ముర్రే షేఫర్ చుట్టూ చేరిన యువ పరిశోధకుల బృందం 1973లో తమ నగరపు ధ్వనులను వాంకూవర్ సౌండ్‌స్కేప్ పేరిట వెలువరించి, 1975లో ఐరోపాలోని అయిదు పల్లెలకు వెళ్లి వాటి ధ్వనులను నమోదు చేసింది. సుమారు పాతికేళ్ల తర్వాత ఫిన్‌లాండ్ పరిశోధకులు ఆ అయిదు పల్లెలకే తిరిగి వెళ్లి, ఏ చప్పుళ్లు పోయాయో, ఏవి కొత్తగా వచ్చాయో పోల్చి చూడగలిగారు. మొదటి బృందం టేపులను విశ్వవిద్యాలయం దాచింది కనుకనే అది సాధ్యపడింది. ఇంటి దగ్గరి ఉదాహరణలూ తక్కువేమీ కావు. జగిత్యాల జిల్లా మల్యాల మండలం లంబాడిపల్లి నుంచి 2012లో మొదలైన మై విలేజ్ షో, ఊరి మనుషులతో, ఊరి మాటతో చేసిన చిత్రాలు లక్షలాది మందిని చేరగలవని నిరూపించింది. సిరిసిల్ల బిడ్డ వేణు ఎల్దండి దర్శకత్వంలో 2023లో వచ్చిన బలగం సినిమా ముగింపును ఒక సంచార గాయక జంట పాట మోసింది; ఆ వేసవిలో తెలంగాణ పల్లెల్లో జనం తెరలు కట్టుకుని ఊరంతా కూర్చుని ఆ సినిమా చూశారు. మాటలో, పాటలో ఈ నేల బలం రుజువైంది. ధ్వని కూర్పులో ఆ బలం ఇంకా రుజువు కావలసి ఉంది, అది చేయగలిగినవారు ఇప్పుడు బి.ఎ., బి.కాం., బి.ఎస్సీ. తరగతుల్లో ఉన్నారు.

ఉద్యోగాల మాట తప్పక వస్తుంది. యానిమేషన్, గేమింగ్ రంగాల కోసం 2016లో రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేక విధానం ప్రకటించింది, ఆ రంగంలో ధ్వని తెలిసినవారికి అవసరం ఉన్నమాట నిజమే. అయినా పది మంది విద్యార్థుల్లో ఎనిమిది మంది ఆ వైపు వెళ్లకపోయినా ఈ పని వృథా కాదన్నదే ఈ లేఖ అభిప్రాయం. తన ఊరిని చెవులతో చదివిన ఉపాధ్యాయుడు, పంచాయతీ కార్యదర్శి, విలేకరి వేరే తీరున పని చేస్తారు.

మూల్యాంకనం కష్టమన్న సందేహం అధ్యాపకులకు సహజం. దానికి జవాబు, రచనతో పాటు ఒక ధ్వని దినచర్యను కోరడం. ఏ రోజు, ఏ చోట, మైకు ఎటు తిప్పి, ఎవరి అనుమతితో ఏది రికార్డు చేశారో, సంగీతాన్ని ఏ దినుసుల నుంచి ఎలా కట్టారో, ప్రతి ధ్వనిని ఆ దిక్కునే ఎందుకు ఉంచారో విద్యార్థులు తెలుగులో రాయాలి. మౌఖిక పరీక్షలో పరీక్షకులు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఏదైనా ఒక నిమిషాన్ని ఎంచుకుని, దాని గురించే అడగాలి. అరువు తెచ్చిన రచన ఆ ఒక్క నిమిషంలోనే బయటపడుతుంది. సాంకేతిక సాయం కొండగట్టు దగ్గర నాచుపల్లిలోని, సిరిసిల్ల వైపు అగ్రహారంలోని జె.ఎన్.టి.యు. ఇంజనీరింగ్ కళాశాలల నుంచి అందగలదు. అవి వేరే విశ్వవిద్యాలయం కిందివి కనుక, విద్యార్థులు కలిసి పనిచేయడానికి రెండు విశ్వవిద్యాలయాల మధ్య ఒప్పందం కుదరాలి, ఆ చొరవ ఉపకులపతి స్థాయిలోనే జరగాలి.

కాబట్టి విన్నపం ఇది. రాబోయే విద్యా సంవత్సరంలో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల నుంచి ఒక్కో బృందాన్ని, వెల్గటూర్ మండలపు ముంపు ఊళ్ల మీద పనిచేసే మరో బృందాన్ని ఎంపిక చేసి, వారి మల్టీమీడియా రచనను ప్రాజెక్టు పనిగా అంగీకరిస్తూ ఉత్తర్వు ఇవ్వాలి. కళాకారుల ప్రతిఫలానికి విశ్వవిద్యాలయం నిధుల నుంచే కొంత మొత్తం కేటాయించాలి. ముడి రికార్డింగులన్నీ తేదీ, స్థలం, పాడినవారి పేర్లతో సహా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో చేరాలి. పూర్తయిన రచనను రికార్డింగు జరిగిన ఊళ్లోనే మొదట ప్రదర్శించాలి. ఉత్తర్వు బతుకమ్మకు కనీసం నెల ముందు వెలువడటం అవసరం. పండుగ తొమ్మిది రోజులే, వేములవాడలోనైతే సద్దుల బతుకమ్మ ఏడో రోజునే జరుగుతుంది. ఆ రోజులు దాటితే బృందాలు మరో ఏడాది ఆగాలి.